ఇద్దరు పిల్లలు, ఒక స్కూటీ, రెండు బెల్లులు: పొద్దున బడి ప్రయాణం ఎలా నెట్టుకొస్తున్నారు?

నిజాంపేట్_అమ్మ

అందరికీ నమస్కారం. జూన్ 12న బళ్లు తెరిచిన దగ్గర్నుంచి పొద్దున పూట తలప్రాణం తోకకొస్తోంది. పాప ఒకటో తరగతి. బాబుకి మూడున్నరేళ్లు, ఈ ఏడే నర్సరీలో వేశాం. ఇద్దరిదీ ఒకే స్కూలు, ఇంటి నుంచి జేఎన్‌టీయూ వైపు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ పాపకి ఎనిమిదిన్నరకి ప్రేయర్, బాబుకి తొమ్మిదికి క్లాసు. మా ఆయనది పొద్దున షిఫ్టు, మేం లేచేసరికే బయల్దేరిపోతారు. అత్తయ్య మాతోనే ఉంటారు గానీ మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు దిగలేరు.

ఇప్పుడైతే ఇద్దరినీ స్కూటీ మీదే తీసుకెళ్తున్నాను. బాబు ముందు నిలబడతాడు, పాప వెనక కూర్చుంటుంది, బ్యాగులు హుక్కుకి తగిలిస్తాను. నిజాంపేట్ రోడ్డు ట్రాఫిక్ తెలిసిన వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క వాటర్ ట్యాంకర్లు, ఇంకో పక్క రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు.

అడగాల్సినవి మూడున్నాయి. స్కూటీ మీద ఇద్దరు చిన్నపిల్లల్ని తీసుకెళ్లడానికి మంచి పద్ధతేమైనా ఉందా? స్కూల్ బస్సా, ఆటోనా, ఏది నమ్మొచ్చు? బాబు గేటు దగ్గర నా చున్నీ పట్టుకుని వదలడు, గుక్కపెట్టి ఏడుస్తాడు. దానికేం చేయాలి?

బెజవాడ_నాన్న

అక్కా, మొదటి దానికి సూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. స్కూటీ మీద ఇద్దరు పిల్లలు కుదరదు. చట్టం ప్రకారం నడిపేవాళ్ల వెనక ఒక్కరే కూర్చోవాలి. అది పక్కన పెట్టినా, ముందు నిలబెట్టడం చాలా ప్రమాదం. సడన్ బ్రేక్ వేస్తే పిల్లవాడి నోరు, గెడ్డం నేరుగా హ్యాండిల్‌కీ అద్దాలకీ కొట్టుకుంటాయి. వాడి వెనక మన బరువు కూడా పడుతుంది.

ఇంకోటి ఉంది, చాలామందికి తట్టదు. సిగ్నల్ దగ్గరో గేటు దగ్గరో బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, వెనక పిల్లని దింపుతాం. ముందున్నవాడి చేయి అప్పుడు ఎక్కడుంటుంది? యాక్సిలేటర్ మీద. ఒక్క మెలి తిప్పితే బండి ముందుకు దూకేస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లయితే చప్పుడే ఉండదు, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా తెలీదు. తాళం తీసి చేతిలో పెట్టుకున్నాకే పిల్లల్ని ఎక్కించడం, దింపడం. మా ఇంట్లో దీనికి మినహాయింపు లేదు.

2022 ఫిబ్రవరిలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో మార్పు తెచ్చింది, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే వాళ్లకి హెల్మెట్ ఉండాలి, సేఫ్టీ బెల్టు ఉండాలి, బండి గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ బెల్టు అంటే పిల్లవాడికి తొడిగే చిన్న కోటు లాంటిది. దాని పట్టీలు మన భుజాలకి తగిలించుకుంటాం. వాడు వెనక కూర్చుని నిద్రలోకి జారినా మన వీపుకి ఆనుకునే ఉంటాడు, పక్కకి ఒరగడు. 30 కిలోల బరువు దాకా ఆపగలిగేలా ఉండాలని నిబంధనలోనే రాశారు. నాలుగేళ్లు దాటాక ఎలాగూ అందరితో పాటు హెల్మెట్ తప్పనిసరే.

మియాపూర్_అక్క

పై తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను టైము సంగతి చెప్తాను. ఇద్దరు పిల్లలకి రెండు టైములుంటే రెండు ప్రయాణాలుగానే అనుకో. ఒక్కదాంట్లో ఇరికిద్దామని చూస్తావు కాబట్టే ఈ పరుగులు. చిన్నోడు అరగంట ముందే వెళ్లి ఏం చేస్తాడు? గేటు దగ్గర ఆ ఖాళీలో అమ్మని పట్టుకుని ఏడుస్తాడు.

పాపని స్కూల్ బస్సు ఎక్కించేయి. ఒకటో తరగతి పిల్ల హాయిగా వెళ్తుంది. తర్వాత చిన్నోడికి టిఫిన్ తినిపించడానికి నీకు నిదానం దొరుకుతుంది. బస్సు ఫీజు బరువే, కాదనను. కానీ రోజూ పెట్రోలు, నీ ఒంటి అలసట, రోడ్డు మీద టెన్షన్ అన్నీ కలిపి చూసుకో.

రాత్రి పూటే చేసిపెట్టుకోవాల్సినవి చేసేయి. యూనిఫాం, సాక్సులు, బెల్టు, ఐడీ కార్డు ఒకే కుర్చీ మీద పెట్టు. డైరీలో సంతకం రాత్రే. పొద్దున డైరీ తెరిస్తే "రేపు ఆకుపచ్చ డ్రెస్సు వేసి పంపండి" అని కనిపిస్తుంది, ఆ రేపు ఈ రోజే అయ్యుంటుంది, ఇక ఇల్లంతా వెతుకులాట. చిన్నోడికి తాడు బూట్లు వద్దు, అతికించే పట్టీ బూట్లు కొను. వాడంతట వాడే వేసుకుంటాడు. వాడే వేసుకున్న రోజు పేచీ సగం తగ్గుతుంది.

ఓరుగల్లు_నర్సరీ_టీచర్

మేడమ్, నేను చాలా ఏళ్లుగా నర్సరీ పిల్లలకి చెప్తున్నాను. మూడో ప్రశ్నకి నా జవాబు.

జూన్, జూలైలో ఏడవని పిల్లలు తక్కువ. భయపడకండి. అయితే ఏడుపు పెరగడం, తగ్గడం చాలావరకు ఆ గేటు దగ్గర రెండు నిమిషాల్లో తేలుతుంది. బాబు ఏడుస్తుంటే తల్లి కాస్త ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, ముద్దుపెట్టి, కన్నీళ్లు తుడిచి, మళ్లీ వెళ్లబోయి ఆగుతుంది. వాడికి అర్థమయ్యేదేంటంటే, ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే అమ్మ ఉండిపోతుందని. ఇంకొందరు వాడు అటు చూస్తుండగా చెప్పాపెట్టకుండా జారుకుంటారు. అది ఇంకా చేటు. మర్నాటి నుంచి వాడు అమ్మ చెయ్యే వదలడు, బొమ్మల వైపు కూడా చూడడు, మళ్లీ ఎప్పుడు మాయమవుతుందోనని.

చెప్పి వెళ్లండి, ఒక్కసారే చెప్పండి. రోజూ అవే మాటలు, అదే వరసలో. "బాక్సులో పెరుగన్నం పెట్టాను. అన్నం తిన్నాక అమ్మ వస్తుంది." పన్నెండున్నరకి అంటే మూడేళ్లవాడికి ఏం తెలుస్తుంది? అన్నం తిన్నాక అంటే తెలుస్తుంది. ఆ చెప్పిన టైముకి మాత్రం మీరు కచ్చితంగా గేటు దగ్గర ఉండాలి. ఆలస్యమయ్యేలా ఉంటే క్లాసు టీచర్‌కి ఫోన్ చేయండి, మేం వాడికి చెప్తాం.

చున్నీ పట్టుకుంటున్నాడు కదా. ఆ చేతిలో ఇంకోటి పెట్టండి. మా క్లాసులో ఒక పిల్ల వాళ్లమ్మ కర్చీఫ్ జేబులో పెట్టుకుని వచ్చేది. ఏడుపొచ్చినప్పుడు తీసి వాసన చూసుకుని మళ్లీ మడిచి పెట్టుకునేది. దసరా సెలవుల తర్వాత అది కూడా అవసరం పడలేదు.

కొందరికి సెలవుల తర్వాత ఏడుపు మళ్లీ మొదలవుతుంది, అది కూడా మామూలే.

కరీంనగర్_తాతయ్య

అమ్మా, మా రోజుల్లో సైకిల్ ముందు కడ్డీ మీద సీటు కట్టుకుని పిల్లల్ని బడికి తీసుకపోయేవాళ్లం. హెల్మెట్లు, బెల్టులు ఏవీ లేవు. ఇప్పుడు మా మనవణ్ణి కూడా నా మోపెడ్ ముందే నిలబెట్టుకుని తీసుకపోతున్న. ఊళ్లో రోడ్డే కదా, మెల్లగ పోతే ఏం కాదు.

బెజవాడ_నాన్న

పెద్దవారు, మీ మాట కాదంటున్నానని అనుకోకండి. మీరు మెల్లగానే వెళ్తారు. ఎదురుగా వచ్చే ఇసుక ట్రాక్టరు మెల్లగా రాదు. కుక్క అడ్డమొచ్చినా, గుంత వచ్చినా పడేది మొదట ముందున్నవాడే. మనవడికి ఒక చిన్న హెల్మెట్, ఒక బెల్టు కొనండి బాబాయ్. మీరు కట్టుకోమంటే వాడు మారుమాట్లాడడు, తాతతో షికారు అంటే ఏదైనా కట్టుకుంటాడు.

కరీంనగర్_తాతయ్య

సరే నాయనా. మా కోడలు కూడా ఇదే మాట అంటున్నది. బెల్టు ఎక్కడ దొరుకుతదో, ఎంత సైజు తీసుకోవాల్నో చెప్పు.

బెజవాడ_నాన్న

హెల్మెట్ షాపుల్లో అడగండి, ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి. హెల్మెట్ మాత్రం మనవణ్ణి వెంట తీసుకెళ్లి పెట్టి చూసే కొనండి. కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలిస్తే సైజు తెలుస్తుంది. ఐఎస్ఐ గుర్తు చూడండి. పెట్టాక తల అటూ ఇటూ ఊపమంటే హెల్మెట్ తలతో పాటే కదలాలి, విడిగా తిరగకూడదు. "పెరుగుతాడు కదా" అని పెద్ద సైజు కొనకండి. గెడ్డం కింద పట్టీ పెట్టకపోతే పెట్టుకున్నా పెట్టుకోనట్టే.

రాజమండ్రి_వదిన

రెండో ప్రశ్న, బస్సా ఆటోనా. ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం, కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఆటో పర్మిట్ ముగ్గురికి. స్కూల్ ఆటోలో ఎంతమంది ఉంటారో మనందరికీ తెలుసు. డ్రైవర్ సీటుకి అటొకరు ఇటొకరు, వెనక ఒళ్లో ఒళ్లో, బ్యాగులు బయట వేలాడుతూ. మా వీధిలో ఆటో అన్న చాలా మంచివాడు, పిల్లల్ని పేరుపేరునా పిలుస్తాడు, ఎవరైనా రాకపోతే ఇంటికొచ్చి తలుపు కొడతాడు. అయినా సరే, డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చోబెట్టే ఆటోలో నేను పిల్లని పంపను. మనిషి మంచితనం వేరు, బండిలో చోటు వేరు. ఆటో తప్పదనుకుంటే నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి మాట్లాడుకుని, తక్కువమంది పిల్లలే ఎక్కేలా ఎక్కువ డబ్బులిచ్చి ఒప్పించుకోండి. కుడివైపు, అంటే రోడ్డు వైపు, కడ్డీ గానీ జాలీ గానీ ఉండాలి.

బస్సు అయితే ఫీజు కట్టే ముందు ఒకసారి స్వయంగా ఎక్కి చూడండి. ఆయమ్మ ఉందా? డ్రైవర్‌కి 60 ఏళ్లు దాటలేదు కదా? అత్యవసర ద్వారం తెరుచుకుంటోందా, లేక దానికి అడ్డంగా సీటు బిగించారా? మంటలార్పే సిలిండర్, మందుల పెట్టె ఉన్నాయా? మన రెండు రాష్ట్రాల్లో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, బళ్లు తెరిచేలోపు మళ్లీ చేయించాలి. బస్సు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. మేం అడిగిన ఒక స్కూల్లో "అవన్నీ మీకెందుకు" అన్నారు. అక్కడ సీటు తీసుకోలేదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర ఏం జరిగిందో ఇప్పటి తల్లిదండ్రుల్లో కొందరికి తెలీకపోవచ్చు. కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సుని నాందేడ్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పొద్దున టిఫిన్ బాక్సులు సర్ది పంపిన పిల్లలు. ఆ తర్వాత దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లే లేకుండా చేశారు. గేట్లు పోయాయి గానీ, బస్సు ఎవరు నడుపుతున్నారు, ఏ దారిన తీసుకెళ్తున్నారు అని అడగాల్సిన పని మనకి పోలేదు.

నిజాంపేట్_అమ్మ

రాజమండ్రి వదినా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా స్కూల్ బస్సు నంబరు రేపే చూస్తాను. ఒక సందేహం. బస్సు మా లైన్ చివర మెయిన్ రోడ్డు మీద అవతలి వైపు ఆగుతుంది. సాయంత్రం పాప దిగాక రోడ్డు దాటాలి.

రాజమండ్రి_వదిన

అయితే మీరు అవతలి వైపుకే వెళ్లి నిలబడాలి అమ్మా. పాప బస్సు దిగి మీ చేయి పట్టుకోవాలి, అంతే. ఇవతల నిలబడి "రా రా" అని పిలవకూడదు. అమ్మ కనిపించగానే పిల్లలు అటూ ఇటూ చూడరు, పరిగెత్తేస్తారు. ఇంకో మాట, బస్సు ముందు నుంచి దాటనివ్వకండి. డ్రైవర్ అంత ఎత్తున కూర్చుంటాడు, బంపర్‌కి ఆనుకుని ఉన్న చిన్నపిల్ల ఆయన కంటికి ఆనదు. బస్సు కదిలి వెళ్లిపోయాక, రోడ్డు రెండు వైపులా కనిపించాకే దాటండి. వాటర్ బాటిల్ కింద పడి టైరు కిందికి దొర్లినా వంగి తీసుకోవద్దని పాపకి ముందే చెప్పి ఉంచండి.

లెస్టర్_తెలుగమ్మాయి

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. మాకు ఇక్కడ కారులో పిల్లల సీటు పన్నెండేళ్లు వచ్చేదాకా గానీ, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా గానీ తప్పనిసరి, ఏది ముందైతే అది. సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు మా అన్నయ్య కారులో ముందు సీట్లో పాపని ఒళ్లో పెట్టుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇంట్లో చిన్న గొడవే అయింది. ఇండియాలో కూడా 2019 సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే నడిపేవాళ్లకి వెయ్యి రూపాయల జరిమానా ఉంది. కారున్న వాళ్లు దయచేసి ఇది పట్టించుకోండి. ఒళ్లో ఉన్న పిల్లని బ్రేక్ వేసినప్పుడు ఎవరి చేతులూ ఆపలేవు.

మామూలు రోజుల్లో మాత్రం మేం నడిచే వెళ్తాం. వీధిలో రెండు మూడు కుటుంబాల పిల్లలు కలుస్తారు, ఒక తల్లి ముందు, ఒకరు వెనక. వారాలు పంచుకుంటాం. మీ అపార్ట్‌మెంట్లలో కూడా ఇలా కుదురుతుందేమో చూడండి.

మియాపూర్_అక్క

నడవడానికి ఫుట్‌పాత్ ఉంటే కదా చెల్లీ. మా దగ్గర దాని మీద టిఫిన్ బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కన పార్కింగ్. కానీ వంతులు పంచుకోవడం మంచి మాట. మా అపార్ట్‌మెంట్‌లో మధ్యాహ్నం నర్సరీ పిల్లల్ని తీసుకురావడం ముగ్గురు తల్లులం పంచుకున్నాం. ఎవరు వస్తారో టీచర్‌కి ముందే రాసి ఇచ్చాం, ఫొటోలతో సహా. కార్డు చూపించందే పిల్లవాణ్ణి ఇవ్వరు.

హిందూపురం_పిన్ని

మాది పల్లె. అంగన్‌వాడీ అర కిలోమీటరు. ఫుట్‌పాత్ సంగతి సరే, మాకు రోడ్డంచు కూడా లేదు, తారు రోడ్డు పక్కనే ముళ్లకంప. రోడ్డుకి కుడి పక్కన నడిపిస్తాం, ఎదురొచ్చే బండి మనకి కనబడేలా. పిల్లని కంప వైపు పెట్టుకుని మనం రోడ్డు వైపు ఉండాల. చెయ్యి పట్టుకునేటప్పుడు వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. వేళ్లు విడిపించుకుని ఉరుకుతారు, చెమటకి జారిపోతాయి కూడా. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలైతే పన్నెండున్నర ఎండలో రావాల. టోపీ, తడి తువ్వాలు, మజ్జిగ సీసా లేకుండా పోవద్దు.

సికింద్రాబాద్_ఆర్టీసీ

ఆర్టీసీ బస్సు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నాను. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి, ఆడపిల్లలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయిదేళ్లలోపు బాబుకి ఎలాగూ టికెట్ అక్కర్లేదు. మీది ఒకే రూటు అయితే ఆలోచించండి. ఎనిమిది దాటితే రద్దీ విపరీతం, చంటివాణ్ణి ఎత్తుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడే పరిస్థితి ఉంటే వద్దు. నేను ఒక స్టాపు వెనక్కి నడిచి వెళ్లి ఎక్కుతాను, అక్కడైతే సీటు దొరుకుతుంది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

ప్రగతినగర్_డాడీ

అందరూ భయపెడుతున్నారు గానీ, యూటర్న్ కోసం కిలోమీటర్ దూరం వెళ్లి రావాలంటే స్కూలుకి లేటవదా? గేటు అక్కడే కనిపిస్తుంటే కొంచెం దూరం రాంగ్ రూట్లో వెళ్తే తప్పేంటి? అందరూ వెళ్తున్నారు.

ఓరుగల్లు_నర్సరీ_టీచర్

సార్, మీ వెనక కూర్చున్నవాడు చూస్తున్నాడు. మా స్కూలు గేటు దగ్గర ఎదురెదురుగా రెండు బండ్లు గుద్దుకుని ఒక యూకేజీ బాబు ముంజేతి ఎముక విరిగింది. రెండు బండ్లూ పిల్లల్ని దింపడానికి వచ్చినవే. లేటయితే రండి, ఏం పర్లేదు. నర్సరీలో మొదటి పదినిమిషాలు పాటలే. యూటర్న్ దూరమైతే దానికి తగ్గట్టు ముందే బయల్దేరండి.

ప్రగతినగర్_డాడీ

పిల్లాడికి దెబ్బ తగిలిందంటే ఇక మాట్లాడేదేముంది మేడమ్. రేపట్నుంచి యూటర్న్ తీసుకునే వెళ్తాను.

నిజాంపేట్_అమ్మ

ఇక్కడ చదివి చేసినవి చెప్తాను. పాపకి స్కూల్ బస్సు మాట్లాడాం. నంబరు కొట్టి చూశాను, ఫిట్‌నెస్ ఉంది. ఆయమ్మ కూడా ఉంది, పిల్లల్ని లెక్కపెట్టి దింపుతోంది. స్టాపు అవతలి వైపే కాబట్టి సాయంత్రం నేను ముందే అటు వెళ్లి నిలబడుతున్నాను. బాబుకి హెల్మెట్, బెల్టు కొన్నాం. హెల్మెట్ మొదట పీకి పారేశాడు. ఇంట్లో టీవీ చూసేటప్పుడు పెట్టుకోనిచ్చాను, దాని మీద వాడికి నచ్చిన స్టిక్కర్లు అతికించనిచ్చాను, ఇప్పుడు వాడే తెచ్చి ఇస్తున్నాడు. చున్నీ బదులు పిన్ను పెట్టుకునే కండువా వేసుకుంటున్నాను, చక్రంలో పడుతుందన్న భయం కూడా పోయింది.

టీచర్ గారూ, "అన్నం తిన్నాక వస్తా" బాగా పనిచేసింది. గేటు దగ్గర ఏడుపు తగ్గింది. కానీ పాప బస్సెక్కినప్పుడు "నేనూ అక్కతో వెళ్తా" అని కొత్త పేచీ పెట్టాడు, అది ఇంకా అలాగే ఉంది.

బెజవాడ తమ్ముడూ, వానాకాలం కదా, బెల్టు పెట్టినప్పుడు రెయిన్‌కోటు ఎలా వేయాలి?

బెజవాడ_నాన్న

ముందు బాబుకి ప్యాంటు, చొక్కా విడివిడిగా ఉండే రెయిన్‌కోటు వేసి, దాని మీద బెల్టు బిగించండి. మీరు కూడా మీ కోటు వేసుకున్నాకే పట్టీలు భుజాలకి తగిలించుకోండి. బిగుతు రోజూ సరిచూసుకోవాలి, కోటు మందానికి పట్టీ వదులో బిగుతో అవుతుంది. పై నుంచి కప్పుకునే దుప్పటి రకం కోటు మాత్రం వద్దు. గాలికి ఎగిరి చక్రంలో చుట్టుకుంటుంది, వెనక వాడి ముఖం మీద కప్పుకుంటే ఊపిరి కూడా ఆడదు. రోడ్డు మీద నీళ్లు నిలిచి గుంతలు కనిపించని రోజున స్కూటీ తీయకండి, ఆటో పిలవండి. అదీ దొరక్కపోతే టీచర్‌కి ఫోన్ చేసి బాబుని ఇంట్లోనే ఉంచేయండి.

ఓరుగల్లు_నర్సరీ_టీచర్

ఉంచేయండి మేడమ్, మేమేం అనం. ఇక అక్కతో వెళ్తానన్న పేచీకి, పాప స్టాపుకి వెళ్లేటప్పుడు బాబుకి ఒక పని ఇవ్వండి. అక్క వాటర్ బాటిల్ వాడే మోయాలి, బస్సు మెట్టు దగ్గర వాడే అందించాలి. పని ఉన్నవాడికి పేచీ పెట్టడానికి తీరిక ఉండదు.

నిజాంపేట్_అమ్మ

రేపట్నుంచే ఇస్తాను టీచర్ గారూ. అక్క బాటిల్ అంటే వాడికి ఎలాగూ ఇష్టమే, మూత ముందే గట్టిగా బిగించి ఇస్తాను.